షోలాపూర్ పొమ్మంటే పోవాల్సిందేనా?

ప్రశ్న: సార్, మాది కడప. దగ్గర్లోని ఒక ప్రైవేటు పైపుల ఫ్యాక్టరీలో 2014 నుంచి చేస్తున్నాను. హోదా సీనియర్ క్వాలిటీ సూపర్‌వైజర్, జీతం 26 వేలు. మూడేళ్ల కిందట మా ఓనర్లు షోలాపూర్‌లో కొత్త యూనిట్ పెట్టారు. ఇప్పుడు నన్ను 15 రోజుల్లో అక్కడ చేరమంటున్నారు, లేదంటే రాజీనామా రాసిమ్మంటున్నారు. అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్, నా భార్య ఇక్కడే అంగన్‌వాడీ టీచర్. పోకపోతే గ్రాట్యుటీ కూడా రాదని హెచ్‌ఆర్ అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: వెళ్లాలా వద్దా తర్వాత తేల్చుకుందురు గానీ, రాజీనామా కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. ఒకసారి రాసిచ్చారంటే "తనంతట తనే మానేశాడు" అంటారు, రేపు ఏ కోర్టుకెళ్లినా ఆ కాగితమే మీకు అడ్డం పడుతుంది. మీ తప్పేమీ లేకుండా వాళ్లే తీసేస్తే నెల నోటీసో ఆ నెల జీతమో ఇవ్వాలి, పైగా పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారం కట్టాలి. రాజీనామా ఎందుకు అడుగుతున్నారో అర్థమైంది కదా.

గ్రాట్యుటీ రాదన్నది ఉత్త బెదిరింపు. ఐదేళ్లు నిండితే రాజీనామా చేసినవాళ్లకూ వస్తుంది. మూల వేతనం, డీఏ కలిపి 15తో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించుకోండి, మీ లెక్క తేలుతుంది. కంపెనీకి నష్టం చేసో, కొట్లాటకు దిగో, దొంగతనం లాంటి నేరం చేసో ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లకే దాన్ని ఆపగలరు. బదిలీకి ఒప్పుకోకపోవడం అందులోకి రాదు.

ఇప్పుడు బీరువా వెతికి అపాయింట్‌మెంట్ లెటర్ బయటికి తీయండి. మనోళ్లు చేరిన రోజు సంతకం పెట్టి మళ్లీ దాని మొహం చూడరు. అందులో "కంపెనీకి ఉన్న, ఇకపై రాబోయే ఏ యూనిట్‌కైనా బదిలీ చేయవచ్చు" అని ఉంటే మీ వాదనకు బలం చాలా తగ్గిపోతుంది, అమ్మ ఆరోగ్యం ఒక్కటే కారణంగా చూపితే కోర్టులు సాధారణంగా బదిలీని ఆపవు. ఫ్యాక్టరీ స్టాండింగ్ ఆర్డర్స్, అంటే ఉద్యోగులకు కంపెనీ పెట్టిన సర్వీసు నిబంధనలు కూడా చూడండి, ఒక్కోసారి ఆ షరతు అక్కడుంటుంది. రెండింట్లోనూ లేకపోతే మాత్రం 1960 నాటి కుందన్ షుగర్ మిల్స్ తీర్పు మీకు పనికొస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహా మిల్లు కార్మికులను, యజమానులు తర్వాత కొన్న బులంద్‌షహర్ మిల్లుకు పొమ్మన్నారు, వాళ్లు పోలేదు, తీసేశారు. చేరేనాటికి లేని మిల్లుకు, ఒప్పందంలో షరతు లేకుండా పంపే హక్కు యజమానికి లేదని సుప్రీంకోర్టు చెప్పింది. షోలాపూర్ యూనిట్ మీరు చేరాక వచ్చిందే కదా. ఇంకొకటి, బదిలీ ఆర్డర్‌లో కంపెనీ పేరు చూడండి. ఓనర్లు వాళ్లే అయినా అది వేరే పేరుతో రిజిస్టరైన కంపెనీ అయితే మీ అంగీకారం లేకుండా అటు పంపడం కుదరదు.

"సూపర్‌వైజర్‌వి, నీకు కార్మిక చట్టం వర్తించదు" అని కూడా అంటారు, బెదరకండి. హోదా పేరు కాదు, రోజూ చేసే పని ముఖ్యం. పైపు మందం కొలిచి రిజిస్టర్‌లో రాయడమే మీ పనై, మీ కింద ఎవరూ లేకపోతే మీరు కార్మికుడే. నిజంగా పదిమందితో పని చేయిస్తుంటే మాత్రం మీ జీతానికి ఇబ్బందే, కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో సూపర్‌వైజర్ జీతం 18 వేలు దాటితే కార్మికుడిగా లెక్కించరు.

మీ ఒక్కరినే ఎందుకు పంపుతున్నారు? ఈమధ్య ఓటీ డబ్బులు గట్టిగా అడిగారా, యూనియన్‌లో తిరిగారా? కక్షతో చేసే బదిలీని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం తప్పన్నది, దాని బదులు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన ఆ కొత్త కోడ్ కూడా అదే అంటోంది. కాకపోతే బదిలీ మీద వివాదానికి యూనియనో తోటి కార్మికులో వెనక నిలవాలి. ఉద్యోగం తీసేస్తే మీరొక్కరే లేబర్ ఆఫీసుకు వెళ్లొచ్చు.

లెటర్‌లో షరతు ఉండి, పోకుండా ఇంట్లో కూర్చుంటే గైర్హాజరు కింద చార్జిషీట్ ఇస్తారు. అప్పుడు "అభ్యంతరం తెలుపుతూ చేరుతున్నాను" అని రాసిచ్చి చేరి, అక్కడి నుంచి పోరాడటమే మేలు. కడప నుంచి షోలాపూర్‌కు నేరుగా రైళ్లున్నాయి, కానీ డయాలసిస్ రోజులకు అవి అక్కరకు రావనుకోండి.

ఈ వారమే మెయిల్‌లోనూ స్పీడ్ పోస్ట్‌లోనూ ఒక ఉత్తరం పంపండి: బదిలీ ఆర్డర్ రాతపూర్వకంగా ఇవ్వమనండి, ఏ షరతు కింద పంపుతున్నారో అడగండి, అమ్మ డయాలసిస్ కాగితాలు జతచేసి మూడు నెలలు గడువు కోరండి. పోస్టాఫీసు రసీదు మాత్రం పారేయకండి.