ముఖం స్పష్టం, పుస్తకం మసక: ఎందుకని?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ట్యూషన్లు చెబుతాను. ల్యాప్‌టాప్ కెమెరాలో నా ముఖం, వెనకున్న అల్మరా రెండూ బాగానే కనిపిస్తాయి. పుస్తకం దగ్గరగా పెడితే మాత్రం అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కెమెరా పాడైందా? అసలు ఫోకస్ మార్చుకోలేని కెమెరాకి అల్మరా ఎలా అందుతోంది?
– ఒక టీచర్

జవాబు: టెన్షన్ పడకండి, పాడవలేదు. చాలా ల్యాప్‌టాప్ కెమెరాల్లో లెన్స్‌ను ఒక దూరానికి సరిచేసి బిగించేస్తారు. ఇక అది కదలదు.

నిజానికి ఏ లెన్స్ అయినా కచ్చితమైన స్పష్టత ఇచ్చేది ఒక్క దూరంలోనే. ఆ దూరానికి ఇటూ అటూ ఉన్న ప్రతి చుక్కా సెన్సర్ (బొమ్మను పట్టే చిప్) మీద చిన్న బిళ్లలా పడుతుంది. ఆ బిళ్ల మన కంటికి చుక్కలాగే కనిపించేంత చిన్నదైతే చాలు, బొమ్మ స్పష్టంగా ఉందనుకుంటాం. కెమెరా చేసేవాళ్లు నమ్ముకునేది ఈ వెసులుబాటునే.

పాత ఫిల్మ్ కెమెరా లెక్క చూడండి. లెన్స్ ఫోకల్ లెంగ్త్ (దూరపు వస్తువుల బొమ్మ లెన్స్ వెనక ఎంత దూరంలో స్పష్టంగా పడుతుందో ఆ కొలత) 35 మి.మీ., అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్/8, అంటే ఫోకల్ లెంగ్త్‌లో ఎనిమిదో వంతు వెడల్పు, బిళ్ల 0.03 మి.మీ. దాకా ఫరవాలేదనుకుందాం. ఫోకస్ సుమారు 5.1 మీటర్లకు పెడితే, అందులో సగం, అంటే 2.6 మీటర్ల నుంచి కొండల దాకా అంతా సరిపోతుంది. ఈ 5.1 మీటర్లనే హైపర్‌ఫోకల్ దూరం అంటారు. లెన్స్ 70 మి.మీ. అయితే అది దాదాపు నాలుగింతలై 20 మీటర్లు దాటుతుంది. అందుకే ఇలాంటి కెమెరాలకు ఫోకల్ లెంగ్త్ తక్కువున్న లెన్స్, చిన్న రంధ్రం కావాలి. 1986లో ఫ్యూజీఫిల్మ్ తెచ్చిన ఒకసారి వాడి పారేసే కెమెరాదీ ఇదే కిటుకు. రంధ్రం చిన్నదైతే వెలుతురు తగ్గుతుంది, అది వేరే తలనొప్పి.

మీ ల్యాప్‌టాప్ లెన్స్ ఫోకల్ లెంగ్త్ కొన్ని మిల్లీమీటర్లే. కాబట్టి కుర్చీలో మీరూ వెనక అల్మరా కూడా ఆ హద్దులోకి వస్తారు. కెమెరాకి ఆనించినట్టు పెట్టిన పుస్తకం రాదు. సాఫ్ట్‌వేర్ సెట్టింగులతో కుస్తీ పడటం నా దృష్టిలో దండగ. పుస్తకాన్ని మెల్లగా వెనక్కి జరపండి, అక్షరాలు ఒకచోట తేటపడతాయి.

అక్కడ అవి మరీ చిన్నగా ఉంటే, చదువుకోడానికి వాడే +2 పవర్ కళ్లద్దాన్ని కెమెరా ముందు పట్టండి. మీటరు దూరానికి బిగించిన లెన్స్ అయితే ఫోకస్ సుమారు 33 సెంటీమీటర్లకు వచ్చేస్తుంది. పేజీ చూపించాక అద్దం తీసేయండి, లేకపోతే ఈసారి మీ ముఖం మసకబారుతుంది.