సీసా మీద తేదీ

అమ్మాయీ,

పోస్ట్‌డాక్టరల్ పరిశోధనకు యాంటీబాడీలను ఎంచుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఏ వైరస్ మీద పని చేస్తే మంచిదని అడిగావు. తరువాతి మహమ్మారి దేనివల్ల వస్తుందో ఎవరమూ చెప్పలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018లో తన ప్రాధాన్య వ్యాధుల జాబితాలో ‘డిసీజ్ ఎక్స్’ పేరుతో ఇంకా తెలియని వ్యాధికి చోటిచ్చింది. కాబట్టి నీ చేతికి ఎలాంటి రక్త నమూనాలు వస్తాయో ముందు చూసుకో.

2003లో సార్స్ అనే కరోనా వైరస్ జబ్బు సోకి కోలుకున్న ఒకరి నుంచి 2013లో రక్తం తీసి దాచారు. అందులో, ఒకసారి సోకిన వైరస్‌ను గుర్తుంచుకునే మెమరీ బి కణాల నుంచి దొరికిన ఎస్309 అనే యాంటీబాడీ 2020లో కొత్త కరోనా వైరస్‌నూ అడ్డుకుంది. సొట్రోవిమాబ్ మందు దాని నుంచే వచ్చింది. కానీ 2022లో ఒమిక్రాన్‌లో బీఏ.2 అనే రకం వ్యాపించాక అమెరికాలో దాని వాడకం ఆగిపోయింది. ఒకే యాంటీబాడీ మీద ఆశలన్నీ పెట్టుకోకు.

నా వల్ల జరిగిన ఒక నష్టం నీకు చెప్పాలి. పని నేర్చుకునే రోజుల్లో ఒక పెట్టె నిండా సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం, నమూనాలు దాచాను. సీసాల మీద రోగి సంఖ్య వేశాను, రక్తం తీసిన తేదీ వేయలేదు. జ్వరం మొదలైన మూడో రోజుదో ముప్పయ్యో రోజుదో తెలియనప్పుడు ముందుగా వచ్చే ఐజీఎం, తరువాత వచ్చి నిలిచే ఐజీజీ యాంటీబాడీల హెచ్చుతగ్గులకు అర్థమేముంటుంది? వాటిలో ఒక్కటీ పనికి రాలేదు. ఒళ్లు కాలిపోతున్నా చేయి చాపి రక్తమిచ్చిన వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి.

నువ్వు మాత్రం లక్షణాలు మొదలైన రోజు, రక్తం తీసిన రోజు, వేసుకున్న టీకాలు, పుట్టిన సంవత్సరం అన్నీ రాయించు. పుట్టిన సంవత్సరం ఎందుకంటావేమో. 1918 ఫ్లూ కాలం నాటి 32 మందిని, 91 నుంచి 101 ఏళ్ల వాళ్లను, పరీక్షిస్తే దాదాపు తొంభై ఏళ్ల తరువాత కూడా ఆ వైరస్‌పై యాంటీబాడీలు కనిపించాయి. 2008లో ప్రచురితమైన పరిశోధన ఇది. చిన్నతనంలో సోకిన వైరస్ ముద్ర అంత గట్టిది. సీరాన్ని చిన్న చిన్న భాగాలుగా పంచి మైనస్ 80 డిగ్రీల వద్ద దాచు. కరిగించిన దాన్ని మళ్లీ గడ్డకట్టించకు. రేపు మరో వైరస్ పరిశోధనకూ వాడుకునేలా అంగీకార పత్రం ఉందో లేదో చూడు.

యాంటీబాడీ ఎంత అతుక్కుందో కొలిచే ఎలీసా పరీక్షలో పెద్ద అంకె కనిపించగానే రక్షణ ఉందని రాసేయకు. యాంటీబాడీ వైరస్‌కు అతుక్కోవడం వేరు, దాన్ని కణంలోకి వెళ్లకుండా ఆపడం వేరు. డెంగ్యూలో అయితే అతుక్కుని కూడా ఆపలేని యాంటీబాడీలు వైరస్ కణంలోకి చేరడానికే తోడ్పడతాయి. అందుకే వైరస్‌ను నిజంగా ఆపుతోందో లేదో చూసే న్యూట్రలైజేషన్ పరీక్ష తప్పనిసరిగా చెయ్యి. ఒక ప్లేటు ఫలితాన్ని మరో ప్లేటుతో పోల్చుకోవడానికి, ప్రతి పరీక్ష ప్లేటులో ఫలితం ముందే తెలిసిన ఒకే సీరాన్ని పెట్టు.

చేరిన మొదటి వారంలోనే ఫ్రీజర్ జాబితా అడిగి తీసుకో. తేదీలు లేని సీసాలుంటే అప్పుడే నాకు రాయి. పాత రిజిస్టర్లు తిరగేస్తే కొన్నింటికైనా తేదీలు దొరకవచ్చు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు