ఆపరేషన్‌లో ఒళ్లు చల్లబరిస్తే రక్తం గడ్డకడుతుందా?

మీ నాన్నగారి గుండె వాల్వ్ ఆపరేషన్‌లో ఒంటిని చల్లబరుస్తామని సర్జన్ చెప్పారని, ఆ చలికి రక్తం గడ్డకడుతుందేమోనని భయంగా ఉందని రాశారు. నేను ఆపరేషన్ థియేటర్‌లో హార్ట్-లంగ్ మెషీన్ (ఆపరేషన్ సాగేంతసేపు గుండె, ఊపిరితిత్తుల పని చేసేది) నడిపే పెర్ఫ్యూజనిస్టుని. మా టెన్షన్ దీనికి సరిగ్గా ఎదురు: ఒళ్లు చల్లబడితే రక్తం త్వరగా గడ్డకట్టదు, చివర్లో కారడం ఆగదు.

రక్తం ఫ్రిజ్‌లో నెయ్యిలా పేరుకోదు. చలికి కాస్త చిక్కబడే మాట నిజమే, కానీ గడ్డకట్టడం వేరే పని. ముందు ప్లేట్‌లెట్లు అనే రక్తకణాలు గాయానికి అతుక్కోవాలి, ఆపైన ఎంజైములు ఫైబ్రిన్ పోగులు తయారుచేయాలి. 37 డిగ్రీల నుంచి 33 దాకా దిగేసరికి ముందుగా ప్లేట్‌లెట్లు బద్ధకిస్తాయి. ఇంకా దిగితే ఎంజైములూ మందగిస్తాయి. ఒళ్లు వేడెక్కితే చాలావరకు అన్నీ మళ్లీ దారికొస్తాయి. పైగా మెషీన్ గొట్టాల్లో గడ్డలు రాకుండా ముందే హెపారిన్ ఇస్తాం. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఏసీటీ పరీక్ష సాధారణంగా 480 సెకన్లు దాటాకే మెషీన్ మొదలుపెడతాం. చివర్లో ప్రొటమిన్ అనే మందుతో హెపారిన్‌కు విరుగుడు.

మామూలు వాల్వ్ కేసులకు కొద్దిపాటి చల్లదనం చాలు, కొందరు సర్జన్లు అదీ వద్దంటారు. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని వంపును బాగుచేసేటప్పుడు మాత్రం 18-20 డిగ్రీలకు కూడా దించాల్సి వస్తుంది. అలాంటి కేసు చివర్లో చూడాలి మా అవస్థ! కారేది ఒక్కచోట అయితే సర్జన్ కుట్టేస్తారు, అంతటా ఊరుతుంటే ఎక్కడని కుడతారు? దీనికి చలి ఒక్కటే కారణం కాదు, మెషీన్‌లో నింపే ద్రవంతో రక్తం పలచబడటం కూడా ఉంటుంది.

ల్యాబ్‌లో రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు రక్తాన్ని 37 డిగ్రీల దగ్గర ఉంచి చేస్తారు. అందుకే 34 డిగ్రీలున్న పేషెంట్ రిపోర్టు కూడా నార్మల్ అని రావచ్చు. రిపోర్టు బాగుంది, డ్రెయిన్ (ఛాతీలో కారే రక్తాన్ని బయటికి తీసే గొట్టం, డబ్బా) మాత్రం నిండుతోంది అంటే మా అనస్థీషియా డాక్టర్ ముందు అడిగేది టెంపరేచరే.

వేడెక్కించడంలో తొందరపడకూడదు, మెదడు అతిగా వేడెక్కే ప్రమాదం ఉంది. అందుకే శరీరంలోకి పంపే రక్తాన్ని 37 దాటనివ్వం. మెషీన్ ఆపాక చల్లటి కాళ్లూ చేతుల వల్ల టెంపరేచర్ మళ్లీ పడిపోతుంది. ఐసీయూలో వేడిగాలి దుప్పటి కప్పేది అందుకే.

మీ వైపు నుంచి రెండు పనులు. రక్తం పలచబడే మాత్రలు ఏవి ఎప్పుడు ఆపాలో సర్జన్‌నే అడగండి, సొంతంగా ఆపొద్దు. చలికి ఎర్రకణాలు ఒకదానికొకటి అతుక్కునే కోల్డ్ అగ్లుటినిన్ సమస్య అరుదుగా కొందరికి ఉంటుంది. పాత రిపోర్టుల్లో ఆ పేరు కనిపిస్తే తప్పకుండా ముందే చెప్పండి, అప్పుడు చల్లబరిచే ప్లానే మారుతుంది.