పదిహేను మందిని కొండెక్కించావు, దించే దారి చూశావా?

ప్రశ్న: మేడమ్, నేను టెక్కలిలో బీఎస్సీ బోటనీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది మెళియాపుట్టి మండలంలో కొండవార ఊరు. మొన్న మార్చిలో మా జీడితోట పక్క కొండకు నిప్పంటుకుంది. ఊళ్లో పదిహేను మందిమి పచ్చి కొమ్మలు విరుచుకుని వెళ్లి, సాయంత్రానికి కొట్టి ఆర్పేశాం. ఎవరు ఎటు నిలబడాలో చెప్పింది నేనే. తర్వాత అమెరికాలో ఇరవై మంది జట్టుగా అడవి మంటలు ఆర్పే వీడియోలు చూశాను. అలాంటి జట్టును నడిపించే ఉద్యోగం చేయాలని ఉంది. ఏం చదవాలి? అక్కడికి వెళ్లొచ్చా? ఆడపిల్లకి ఈ నిప్పుతో పనేంటని మా అమ్మ కోప్పడుతోంది.

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎవరు ఎటు నిలబడాలో చెప్పానని రాశావు. గాలి తిరిగితే ఎటు పరుగెత్తాలో కూడా చెప్పావా? మంట ఆరాక కిందికి దిగినప్పుడు పదిహేను మందీ ఉన్నారా లేదా అని లెక్కపెట్టింది ఎవరు? ఈ రెండూ నీ ఉత్తరంలో లేవు. తప్పు పట్టడానికి అడగడం లేదు. ఈ వయసులో నీ మాట విని పదిహేను మంది నడిచారంటే, అందులో నీకంటే పెద్దవాళ్లూ ఉండే ఉంటారు కాబట్టి, అది చిన్న విషయం కాదు. కానీ నువ్వు కోరుకుంటున్న ఉద్యోగంలో అసలు పని ఈ రెండు ప్రశ్నల దగ్గరే మొదలవుతుంది. అందుకే పరీక్షల సంగతి కాసేపు పక్కన పెడతాను.

వీడియోలో నువ్వు చూసిన జట్టును అక్కడ హ్యాండ్ క్రూ అంటారు. సుమారు ఇరవై మంది ఉంటారు. వాళ్ల పనిలో నీళ్ల పాత్ర తక్కువ. గొడ్డళ్లు, పారలు, రంపాలతో మంటకు అడ్డంగా ఒక బాట చెక్కుకుంటూ పోతారు. ఆకు, గడ్డి, వేరు ఏదీ మిగలకుండా వట్టి మట్టి కనిపించేదాకా చెక్కితే, మంట అక్కడిదాకా వచ్చి కాలడానికి ఏమీ దొరక్క ఆగుతుంది. ఆ బాటను ఎక్కడ పడితే అక్కడ మొదలుపెట్టరు. రోడ్డో, వాగో, ఇప్పటికే కాలి నల్లబడిన నేలో ఆనుకుని మొదలుపెడతారు. లేకపోతే మంట వెనక నుంచి చుట్టుకొస్తుంది. నల్లబడిన నేల ఇంకోసారి కాలదు కాబట్టి, ప్రమాదం వస్తే అడుగు వెయ్యాల్సింది కూడా అటే.

జట్టు నాయకుడికి వాళ్లు నేర్పే నాలుగు మాటలు ఉన్నాయి. మంటను, గాలిని చూస్తూ ఉండటానికే ఒక మనిషి ఎత్తున నిలబడాలి, అతనికి వేరే పని చెప్పకూడదు. అతని మాట జట్టులో చివరి మనిషికి కూడా అందాలి. తప్పించుకునే దారి ముందే చూసుకోవాలి, వీలైతే రెండు. ఆ దారి చివర మంట అంటుకోని చోటు ఉండాలి. 1991లో పాల్ గ్లీసన్ అనే అనుభవజ్ఞుడైన క్రూ నాయకుడు ఈ నాలుగింటినీ ఒక్కచోట చేర్చి చెప్పాడు. ఈ నాలుగూ సరిగ్గా ఉన్నాయని తేలాకే పనిముట్టు చేతికి తీసుకోవాలి. ఒక్కటి లేకపోయినా జట్టును వెనక్కి తీసుకురావాలి. మంట ముందు నిలబడి "పదండి" అనడం తేలిక. అందరూ ఊపుమీద ఉన్నప్పుడు "ఆపండి, దిగిపోదాం" అనడం కష్టం. ఈ కష్టమైన మాట పలకగలవా అన్నదే నీ గురించి నేను తెలుసుకోవాలనుకుంటున్నది.

1949 ఆగస్టు 5న మోంటానా రాష్ట్రంలో మాన్ గల్చ్ అనే లోయలో జరిగింది నీకు చెప్పాలి. మంట ఆర్పడానికి విమానం నుంచి పారాచూట్లతో దూకిన పదిహేను మందికి, నేలమీద ఉన్న ఒక ఫారెస్టు ఉద్యోగి తోడయ్యాడు. వాగ్నర్ డాడ్జ్ వాళ్ల ఫోర్‌మన్. మంట వాగు దాటి వాళ్లున్న వైపుకే వచ్చి, ఎండుగడ్డి వాలు మీద పైకి తరమడం మొదలెట్టింది. మంట కంటే వేగంగా ఎక్కలేమని డాడ్జ్‌కు అర్థమైంది. అగ్గిపుల్ల గీసి తన ముందున్న గడ్డిని తనే కాల్చి, ఆ బూడిదలో పడుకుని, అందరినీ అందులోకి రమ్మని కేక వేశాడు. ఎవరూ వెళ్లలేదు. మంట తరుముతుంటే మళ్లీ నిప్పు పెడుతున్న మనిషిని చూసి ఏమనుకున్నారో! పదమూడు మంది చనిపోయారు. డాడ్జ్ బతికాడు, రాళ్ల మధ్యకు చేరిన ఇద్దరు కుర్రాళ్లు బతికారు. అతని ఆలోచన సరైనదే. కానీ ఆ జట్టు కలిసి పనిచేసిన జట్టు కాదు. అలాంటి ఉపాయం ఒకటుందని వాళ్లెప్పుడూ వినలేదు. మంట వచ్చాక నమ్మకం కుదరదమ్మా. జనవరిలో, ఏ ప్రమాదమూ లేనప్పుడు, చెట్టు కింద కూర్చుని మాట్లాడుకున్నప్పుడే అది కుదురుతుంది.

ఇక మన కొండల సంగతి. మన దగ్గర ఫిబ్రవరి నడిమి నుంచి జూన్‌లో వానలు పడేదాకా మంటల కాలం. ఆకు రాల్చే అడవి కాబట్టి కాలేది ఎక్కువగా నేలమీది ఎండుటాకు, గడ్డి, కొండచీపురు. చెట్ల చిటారు దాకా ఎగబాకే మంటలు ఇక్కడ అరుదు. చూడటానికి చిన్నగా, మోకాలెత్తున కనిపిస్తుంది కాబట్టే జనం చెప్పులతో, నైలాన్ చీరలతో వెళ్లిపోతారు. కానీ వాలు మీద మంట తన పైనున్న గడ్డిని ముందే ఎండబెట్టుకుంటూ ఎక్కుతుంది, అందుకే పైకి పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. పగలు ఎండ వేడికి గాలి కూడా లోయ నుంచి పైకే వీస్తుంది. మీరు ఆ రోజు మంటకు పైన నిలబడ్డారా, పక్కనా, కిందా? ఈ ఒక్క ముక్క నాకు తప్పకుండా రాయి.

నిప్పు పెట్టేది ఎక్కువగా మనుషులే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాళ్లు, పోడుకు నేల సిద్ధం చేసేవాళ్లు, తోటలో చెత్త తగలబెట్టి ఇంటికి పోయేవాళ్లు, బీడీ పారేసేవాళ్లు. వీళ్లలో చాలామంది నీకు చుట్టాలో, చుట్టుపక్కల వాళ్లో. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరమని చెప్పి భయపెట్టడం వేరు. ఇప్పచెట్టు కింద ఊడ్చుకోండి, కాల్చాలనుకుంటే చుట్టూ ఆకు లాగేసి, పొద్దున్నే, నలుగురు ఉండి కాల్చండి, అది కూడా అటవీ శాఖ బీటు ఆఫీసరుకి చెప్పాకే అని ఒప్పించడం వేరు. నీకు సవర భాష వస్తే ఏ డిగ్రీకీ తీసిపోని అర్హత అది. మీ కొండ అవతల ఒడిశాలోని గజపతి జిల్లా ఉంది. నిప్పుకు సరిహద్దు ఉండదు కాబట్టి అటు వాళ్లతో నాలుగు ఒడియా మాటలు మాట్లాడగలిగితే ఇంకా మంచిది.

ఇప్పుడు ఉద్యోగం. హ్యాండ్ క్రూ నాయకురాలు అనే పేరుతో మన రాష్ట్రంలో పోస్టు లేదు. ఆ పని మాత్రం ఉంది, చేసేది ఫారెస్ట్ బీట్ ఆఫీసర్. వేసవికి ముందు ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే బాటలు, శుభ్రం చేయించడం, ఫైర్ వాచర్లను పెట్టుకోవడం, వన సంరక్షణ సమితి వాళ్లను కూడగట్టడం, కబురు రాగానే వాళ్లను వెంటబెట్టుకుని కొండెక్కడం ఆ ఉద్యోగిదే. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలు చూసిన మంటలను ఫోన్లకు మెసేజ్‌గా పంపిస్తుంది. వాళ్ల వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుంటే నీకూ వస్తాయి, ఈ రోజే చేసుకో. అయితే ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే మన మీదుగా పోతుంది. మధ్యలో అంటుకున్న చిన్న మంటను ముందుగా చూసేది మేకల కాపరే.

బీట్ ఆఫీసర్ పోస్టుకు ఇంటర్ చాలు. ఏపీపీఎస్సీ ఎంపిక చేస్తుంది. స్క్రీనింగ్, మెయిన్స్, ఆపైన నడక పరీక్ష, వైద్య పరీక్ష, కంప్యూటర్ పరీక్ష ఉంటాయి. జనరల్ స్టడీస్‌తో పాటు సైన్సు, లెక్కలు అడుగుతారు. పోస్టులు జిల్లాలవారీగా ఉంటాయి, అందులో మహిళలకు రిజర్వేషన్ ఉంది. ఎత్తు, ఛాతీ కొలతలు, వయసు నిబంధనలు నోటిఫికేషన్‌లోనే చదువు, కోచింగ్ సెంటర్ కరపత్రం నమ్మకు. ఎంపికయ్యాక శిక్షణ రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువులోని ఫారెస్ట్ అకాడమీలో.

కానీ నువ్వు డిగ్రీ మానేసి దీనికోసం పరుగెత్తొద్దు. బోటనీ డిగ్రీ ఉంటే సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ పోస్టులకు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకూ ఆ డిగ్రీతో అర్హత వస్తుంది. నా అభిప్రాయం అడిగితే, డిగ్రీ పూర్తయ్యాక బీట్, సెక్షన్ పరీక్షలు రెండూ రాయి. ఏది ముందు వస్తే అందులో చేరు. కొండ మీద రెండు వేసవులు గడిపిన మనిషి రేంజ్ ఆఫీసర్ అయితే, కుర్చీలో కూర్చుని వేసే ఆర్డర్లు వేరుగా ఉంటాయి. అగ్నిమాపక శాఖ కూడా మంచి ఉద్యోగమే, కానీ అది ఎక్కువగా ఇళ్లు, గోడౌన్లు, రోడ్డు ప్రమాదాల పని. నీ మనసు కొండ మీద ఉంది.

ఆడపిల్లలకు నడక పరీక్ష నాలుగు గంటల్లో 16 కిలోమీటర్లు, మగపిల్లలకు 25. పదిహేను నిమిషాలకు కిలోమీటరు అంటే తేలిక అనిపిస్తుంది. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి రాతపరీక్ష బాగా రాసి, పరీక్ష ముందురోజు కొన్న బూట్లతో వెళ్లి, పందొమ్మిదో కిలోమీటర్ దగ్గర బొబ్బలతో కూర్చుండిపోయాడు. వాడి ముఖం నేను మర్చిపోలేను. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున నడువు, ఆదివారం పూర్తి దూరం. చోడి అంబలి తాగి బయల్దేరు, నీళ్లు వెంట ఉంచుకో. అమెరికా క్రూలలో చేరేవాళ్లు సుమారు 20 కిలోల బరువు వీపున వేసుకుని 4.8 కిలోమీటర్లు 45 నిమిషాల్లో నడవాలి, పరుగెత్తకూడదు. పరీక్ష అయిపోయాక దాన్ని కూడా ప్రయత్నిద్దువుగాని.

అక్కడికి వెళ్లడం గురించి అడిగావు. అమెరికాలో ఆ ఉద్యోగాలు ఎక్కువగా ఫెడరల్ ప్రభుత్వానివి, వాటికి ఆ దేశ పౌరసత్వం కావాలి. ఎవరైనా ఏజెంటు పంపిస్తానంటే ఒక్క రూపాయి ఇవ్వకు. వాళ్ల శిక్షణ పాఠాలు మాత్రం నేషనల్ వైల్డ్‌ఫైర్ కోఆర్డినేటింగ్ గ్రూప్ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఇంగ్లీషు కష్టమైనా రోజుకో పేజీ చదువు.

మీ అమ్మగారికి ఇది చదివి వినిపించు. అమ్మా, మీ భయం ఉత్తది కాదు. 2020 ఫిబ్రవరిలో కేరళ త్రిస్సూర్ జిల్లాలో మంట ఆర్పడానికి వెళ్లిన ముగ్గురు ఫారెస్టు వాచర్లు చనిపోయారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని బిన్సర్‌లో ఒకే రోజు నలుగురు సిబ్బంది పోయారు. ఇవి దాచి మీ అమ్మాయిని ప్రోత్సహిస్తే నేను మోసం చేసినట్టే. కానీ ఉద్యోగం వద్దన్నా, మీ తోట పక్క కొండకు నిప్పంటుకుంటే ఆమె ఇంట్లో కూర్చుంటుందా? మొన్న కూర్చోలేదు. ఏమీ నేర్చుకోకుండా వెళ్లడం కంటే నేర్చుకుని వెళ్లడం మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆడపిల్ల అన్న మాటకొస్తే, ఈ శాఖలో బీటుల్లో, రేంజిల్లో ఆడవాళ్లు పనిచేస్తూనే ఉన్నారు. ఒంటరిగా అడవిలో తిరగడం, రాత్రి కబుర్లు, ఏనుగులొచ్చాయంటే పరుగులు, ఇవి తప్పవు. వాటి గురించి మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఈ లోపు ఒక పని చెయ్యి. డిసెంబర్‌లో మీ బీట్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి, ఈసారి ఫైర్ లైన్ పని జరిగేటప్పుడు నన్నూ రమ్మనండని అడుగు. మంటలోకి నీ అంతట నువ్వు మళ్లీ జనాన్ని తీసుకెళ్లొద్దు, ఆ శాఖ వాళ్లు ఉంటేనే వెళ్లు. వాళ్ల పక్కన నిలబడి చూడు. వచ్చే మంటకు కాలడానికి ఏమీ మిగలకుండా ముందే పెట్టే ఎదురు మంట ఎప్పుడు పెడుతున్నారు, లీఫ్ బ్లోయర్‌తో ఆకు ఎటు ఊదుతున్నారు, ఆరిందనుకున్న మొద్దును చేతి వెనకవైపు ఆనించి వేడి ఎలా చూస్తున్నారు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ రాజుకునేది అలాంటి మొద్దే.

తర్వాత ఒక కాగితం తీసుకుని ఆ రోజు నీతో వచ్చిన పదిహేను మంది పేర్లు రాయి. పేరు పక్కన ఎవరికి ఆయాసం ఉందో, ఎవరికి చెవి సరిగా వినిపించదో, ఎవరు సాయంత్రమైతే తాగుతారో, ఎవరు నూలు బట్ట కట్టుకొచ్చారో, ఎవరి కాళ్లకు చెప్పులు కూడా లేవో రాయి. గుర్తు రానివి వాళ్లింటికి వెళ్లి అడుగు. కాగితం నిండాక నాకు మళ్లీ రాయి, మంటకు ఏ పక్క నిలబడ్డారన్నది కూడా అందులోనే చెప్పు.