ఫిల్మ్ దగ్గర మొదలుపెట్టు

నెల్లూరు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

పాత పుస్తకాలను లైబ్రరీలకు అందించే ప్రోక్వెస్ట్ కంపెనీ చరిత్ర మీద నీ చిత్తుప్రతి 1998లో, పాత ఇంగ్లీషు పుస్తకాల పుటలను కంప్యూటర్ తెర మీద చూపే ‘ఎర్లీ ఇంగ్లీష్ బుక్స్ ఆన్‌లైన్’ రావడంతో మొదలైంది. అక్కడ మొదలుపెట్టకు. ఆ తెర మీద కనిపించే పుటలు చాలావరకు అంతకు దశాబ్దాల ముందు తీసిన మైక్రోఫిల్మ్ బొమ్మలే, అంటే పుటలను బాగా చిన్నవి చేసి ఫిల్మ్ మీద తీసిన ఫొటోలే.

1938లో ఆన్ ఆర్బర్‌లో యూజీన్ పవర్ అనే ఆయన యూనివర్సిటీ మైక్రోఫిల్మ్స్ కంపెనీ పెట్టాడు. తర్వాత ప్రోక్వెస్ట్ అయింది ఇదే. బ్రిటిష్ మ్యూజియంలోని పాత పుస్తకాలను ఫిల్మ్‌కెక్కించి అమెరికా లైబ్రరీలకు అమ్మడం అతని పని. ఏవి తియ్యాలన్నదానికి 1926లో అచ్చయిన పట్టిక ఆధారం. అందులో 1475 నుంచి 1640 దాకా వచ్చిన ఇంగ్లీషు పుస్తకాలున్నాయి. ఆ పట్టిక గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు, అది పెద్ద లోటు. యుద్ధాన్నీ వదిలెయ్యకు. 1941 మేలో మ్యూజియం మీద బాంబులు పడి రెండు లక్షలకు పైగా పుస్తకాలు కాలిపోయాయి. ఫిల్మ్ తీసి పెట్టుకోవడం ఎంత అవసరమో అప్పుడు అందరికీ అర్థమైంది.

కంపెనీ పేర్ల సంగతి మీ కందుకూరు లాంటిదే. 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. పాత దస్తావేజు వెతికేవాడు ఆ ఏడాది అది ఏ జిల్లాలో ఉందో ముందు చూసుకుంటాడు. నువ్వూ అంతే చెయ్యి. యూనివర్సిటీ మైక్రోఫిల్మ్స్‌ని 1962లో జిరాక్స్ కొంది, 1985లో బెల్ అండ్ హోవెల్, 2001లో ప్రోక్వెస్ట్ పేరు, 2021లో క్లారివేట్ చేతికి. డెబ్బైల నాటి కాగితాల్లో ‘ప్రోక్వెస్ట్’ అని వెతికితే ఏమీ తగలదు, ‘జిరాక్స్ యూనివర్సిటీ మైక్రోఫిల్మ్స్’ అని వెతకాలి.

అసలు రాయాల్సింది, ఏ మెట్టు దగ్గర ఏం పోయిందన్నది. నలుపు తెలుపు ఫిల్మ్‌లో ఎర్రసిరా అక్షరం నల్లబడుతుంది. పల్చటి కాగితమైతే వెనక పుట అచ్చు ముందుకు కనబడి రెండూ కలిసిపోతాయి. కుట్టు దగ్గరి అక్షరాలు నీడలో పడిపోతాయి. పుట తిప్పేవాడు రెండాకులు కలిపి తిప్పితే రెండు పుటలు మాయం. తర్వాత స్కాన్ చేసింది పుస్తకాన్ని కాదు, ఫిల్మ్‌ని. అందుకని ఈ తప్పులన్నీ స్కాన్‌లోకీ వచ్చాయి. పాత అచ్చులో ‘ఎఫ్’లా కనబడే పొడుగు ‘ఎస్’ను, బొమ్మలోంచి అక్షరాలు చదివే యంత్రం ‘ఎఫ్’ అని చదువుతుంది. అందుకే 1999లో మిషిగన్, ఆక్స్‌ఫర్డ్ లైబ్రరీలు కలిసి ఆ పుస్తకాలను మనుషులచేత టైపు చేయించడం మొదలుపెట్టాయి. అలా తయారైన 25,000కు పైగా పుస్తకాలు 2015 జనవరి 1న అందరికీ ఉచితమయ్యాయి. చదవరాని అక్షరం దగ్గర ఊహించి నింపకుండా చుక్క పెట్టారు. ఆ నిజాయితీకి నీ పుస్తకంలో చోటివ్వు.

రెండో ప్రతి రాసే ముందు ఒక పని చెయ్యి. 1873లో బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా వివరాల పుస్తకం, ‘మాన్యువల్’, దాని స్కాన్ నెట్‌లో ఉంది. కందుకూరు తాలూకా భాగంలో పది పుటలు తీసుకుని, ఊరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో కళ్ళతో లెక్కపెట్టు. తర్వాత అదే పేరు వెతుకుపెట్టెలో కొట్టి చూడు. రెండు అంకెలూ, తేడా వస్తే ఏ పుటలో ఏ అక్షరం దగ్గర తప్పిందో, నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న