నోరు తెరిచి నిద్రపోయే పిల్లలు
పిల్లల ఊపిరి, పళ్లు: పాఠకుల ప్రశ్నలకు పిల్లల దంతవైద్యుని జవాబులు

ప్రశ్న: మాది జ్ఞానాపురం. మా బాబుకి ఏడేళ్లు. అయిదో ఏటి నుంచి ఆయాసం, పిల్లికూతలు ఉన్నందున పిల్లల డాక్టరు గారు రోజూ ఉదయం, రాత్రి పీల్చమని ఇన్‌హేలర్ రాశారు. దగ్గు ఎక్కువైన రోజుల్లో పడుకోబోయే ముందు సిరప్ కూడా పడుతున్నాను. ఏడాదిగా వాడు నోరు తెరిచే నిద్రపోతున్నాడు, గురక పెడుతున్నాడు. ఇప్పుడు కింది దవడ పళ్లు రెండు పుచ్చాయి, కొత్తగా వచ్చిన పై పళ్లు ఎత్తుగా ఉన్నాయి. ఆ పంపు వల్లే పళ్లు పాడయ్యాయని, మానిపించమని మా అత్తగారు పట్టుబడుతున్నారు. మానిపించవచ్చా? మా కిటికీ గట్టు మీద రోజూ నల్లటి దుమ్ము పేరుకుంటుంది. ఇదంతా దానివల్లేనా?
— ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ఇన్‌హేలర్ మానిపించకండి అమ్మా. రోజూ వాడే మందును ఉన్నపళంగా ఆపితే అర్ధరాత్రి ఆయాసం ముదిరి ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితి రావచ్చు. అయితే మీ అత్తగారి మాటలో కొంత నిజం లేకపోలేదు. పీల్చే మందులో కొంత భాగం ఊపిరితిత్తుల్లోకి పోకుండా నాలుక మీద, గొంతులో నిలిచిపోతుంది. స్టెరాయిడ్ మందైతే అక్కడ తెల్లటి నోటిపూతకు దారితీయవచ్చు, ఆయాసం తగ్గించే కొన్ని మందులు లాలాజలాన్ని తగ్గించవచ్చు. మారాల్సింది మందు కాదు, వాడే పద్ధతి. పంపును నేరుగా నోట్లో కొట్టకుండా స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టానికి తగిలించి వాడితే పెద్ద తుంపరలు ఆ గొట్టంలోనే ఆగిపోయి, సన్నటి మందు మాత్రమే లోపలికి వెళుతుంది. పంపును బాగా కుదిపి, ఒక్కసారి నొక్కి, బాబు చేత నెమ్మదిగా అయిదారు సార్లు ఊపిరి పీల్పించి వదిలించండి. రెండోసారి నొక్కాలంటే అర నిమిషం ఆగండి. తరువాత నీళ్లు పుక్కిలించి ఉమ్మించి, అప్పుడే పళ్లు తోమించండి. మా దగ్గరకు వచ్చే తల్లులకు ఇన్‌హేలర్‌ను బ్రష్షు పక్కనే పెట్టమని చెబుతుంటాను, అప్పుడు రెండింటిలో ఏదీ మరిచిపోరు. స్పేసర్‌ను అప్పుడప్పుడు సబ్బు నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా నీడలో ఆరనివ్వాలి. తుడిస్తే గొట్టం లోపలి గోడలకు మందు అంటుకుపోతుంది.

పళ్లు పుచ్చిన విషయంలో నా అనుమానం పంపు కంటే సిరప్ మీదే ఎక్కువ. చాలా దగ్గు మందులు చక్కెర పాకంలోనే కలిపి ఉంటాయి. పగలు తిన్న తీపిని లాలాజలం కొంతవరకు కడిగేస్తుంది, నోట్లో తయారైన ఆమ్లాన్ని విరిచేస్తుంది. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది కాబట్టి, పడుకోబోయే ముందు పట్టిన చెంచాడు సిరప్ తెల్లవార్లూ పళ్ల సందుల్లో నిలిచి ఉంటుంది. పైగా మీ వాడు నోటితో ఊపిరి తీస్తున్నాడు, ఉన్న కాస్త తడీ ఆరిపోతుంది. సిరప్ తప్పనిసరైతే చక్కెర లేని రకం రాయమని అడగండి, రాత్రి భోజనంతో పాటే ఇచ్చి, తరువాత పళ్లు తోమించండి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠానీ గింజంత చాలు. తోమాక నురగ ఉమ్మిస్తే సరిపోతుంది, నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగించవద్దు. అసలు ఇన్‌హేలర్ సరిగ్గా పనిచేస్తుంటే ఇంత తరచుగా దగ్గు మందు అవసరం పడకూడదు; ఆయాసం వచ్చినప్పుడు వాడే పంపు వారంలో రెండు రోజులకు మించి అవసరమవుతోందంటే, ఆస్తమా అదుపులో లేదని పిల్లల డాక్టరు గారికి చెప్పండి.

ఇక నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసినది మీరు మధ్యలో ఒక్క వాక్యంలో రాసిన గురక. ముక్కు వెనక భాగంలో ఎడినాయిడ్స్ అనే కండ ఉంటుంది. మూడు నుంచి ఏడేళ్ల వయసులో అది బాగా పెరిగి, యుక్తవయసుకు వచ్చేసరికి తగ్గిపోతుంది. ఎలర్జీ ఉన్న పిల్లల్లో ముక్కు లోపలి పొర కూడా వాచి ఉంటుంది. గాలి రావడానికి దారి చాలకపోతే పిల్లవాడు నోరు తెరవక ఏం చేస్తాడు? నోరు తెరిచి ఉంటే నాలుక అంగిలికి ఆనకుండా కిందికి జారిపోతుంది. లోపలి నుంచి నాలుక ఆధారం లేక, బయటి నుంచి బుగ్గల ఒత్తిడి పడి, పై దవడ ఇరుకై అంగిలి గోపురంలా ఎత్తుగా తయారవుతుంది, ముందు పళ్లు పైకి లేస్తాయి. ఎత్తు పళ్లకు వేలు నోట్లో పెట్టుకోవడం, తల్లిదండ్రుల పోలిక వంటి వేరే కారణాలూ ఉంటాయి. కానీ గురక తోడై ఉన్నప్పుడు మొదట చూడాల్సింది ముక్కునే.

ఇంట్లోనే చిన్న పరీక్ష చేయవచ్చు. బాబు నోరు మూసుకుని కూర్చున్నప్పుడు చల్లటి స్టీలు చెంచాను ముక్కు కింద అడ్డంగా పట్టుకోండి. రెండు రంధ్రాల కిందా ఆవిరి మచ్చలు రెండూ కనబడితే ముక్కు గాలి ఆడుతున్నట్టు; ఒకటే కనబడినా, అసలు కనబడకపోయినా, చెంచా పెట్టగానే నోరు తెరిచేసినా ముక్కు దిబ్బడ ఉన్నట్టే అనుకోండి. రాత్రి గురక మధ్యలో ఊపిరి క్షణకాలం ఆగి, ఉలిక్కిపడి మళ్లీ తీస్తున్నాడా, పక్క తడపడం మానేసినవాడు మళ్లీ మొదలుపెట్టాడా, బడిలో కునికిపాట్లు పడుతున్నాడా గమనించండి. ఇలాంటివి ఉంటే ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ నిపుణుడికి చూపించాలి. గురక తీరును సెల్‌ఫోనులో నిమిషం పాటు వీడియో తీసుకెళ్తే డాక్టరుకు ఎంతో ఉపయోగం. ఎడినాయిడ్స్ అనగానే ఆపరేషన్ అని భయపడకండి. చాలామందికి ముందు కొన్ని వారాలు ముక్కులో వేసే స్ప్రేతో చూస్తారు, లాభం లేనప్పుడే కత్తి మాట. ముక్కు దారి బాగుపడ్డాక పై దవడను వెడల్పు చేసే పరికరం గురించి మాట్లాడుకోవచ్చు. అంగిలి మధ్య అతుకు యుక్తవయసులో గట్టిపడక ముందే అది బాగా పనిచేస్తుంది కాబట్టి, మీకు ఇంకా సమయం ఉంది.

పుచ్చిన ఆ దవడ పళ్లను మధ్య నుంచి వెనక్కి లెక్కపెట్టి చూడండి. ఆరోదైతే అది పాలపన్ను కాదు. ఆరేళ్లకు ఏ పన్నూ ఊడకుండానే వెనక నుంచి మొలుచుకొచ్చే శాశ్వత దంతం అది, పోతే మళ్లీ రాదు. ఎలాగూ ఊడిపోయే పన్నే కదా అని ఊరుకున్న తల్లిదండ్రులు మా దగ్గరకు వచ్చి తలపట్టుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. నాలుగోది, అయిదోది అయితే పాలపళ్లే, అయినా పదేళ్లు దాటేదాకా ఉండాల్సినవి, వాటినీ బాగుచేయించాలి.

దుమ్ము విషయం మీరే చెప్పారు. యారాడ కొండకు, కైలాసగిరికి మధ్య గిన్నెలో కూర్చున్నట్టున్న ఊరు మనది. చలికాలపు ఉదయాల్లో గాలి కదలక బొగ్గు దుమ్ము, లారీల పొగ నేల దగ్గరే నిలిచిపోతాయి. ఆస్తమా రేగడానికి అది తప్పక తోడ్పడుతుంది. పళ్లు పుచ్చడానికి మాత్రం దాన్ని నిందించలేం. కిటికీ గట్టును తడిగుడ్డతో తుడవండి, చీపురుతో దులిపితే అదే దుమ్ము బాబు ముక్కులోకి వెళుతుంది. పడకగదిలో దోమల చుట్ట, సాంబ్రాణి పొగ వద్దు. భోగి మంటకు వాడిని ఈ ఏడాది కాస్త దూరంగా నిలబెట్టండి.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతూ మధురవాడలో హాస్టల్లో ఉంటున్నాను. వయసు 16. ఇన్‌హేలర్ వాడటం తోటివాళ్లకు తెలియకూడదని రాత్రి లైటు తీశాక దుప్పటి కింద పీల్చి పడుకుంటాను. ఈ మధ్య నాలుక మీద తెల్లటి పొర వస్తోంది, చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. భయపడి బ్రష్ చేయడం తగ్గించాను.
— పేరు రాయని విద్యార్థి

జవాబు: బాబూ, ఆ తెల్లటి పొర చాలావరకు నోటిపూత అయి ఉండవచ్చు; పీల్చాక నీళ్లు పుక్కిలించకుండా పడుకోవడమే దానికి దారి. డాక్టరుకు చూపిస్తే పూతమందుతో కొద్ది రోజుల్లో తగ్గుతుంది. రక్తం కారుతోందని తోమడం మానడం పొరపాటు. చిగుళ్ల అంచున పేరుకున్న పాచి వల్లే అవి వాచి రక్తం వస్తుంది కాబట్టి, మెత్తటి బ్రష్షుతో అక్కడే నిదానంగా రెండు పూటలా తోమాలి. రెండు వారాల్లో తగ్గకపోతే దంతవైద్యుడికి చూపించు. ఇక దాచుకోవడం గురించి: నీ గదిలో ఉన్న ఒక్క మిత్రుడికైనా, వార్డెన్‌కైనా నీకు ఆస్తమా ఉందని, ఆయాసం వచ్చినప్పుడు వాడే పంపు ఎక్కడ ఉంచుతావో చెప్పి తీరాలి. రాత్రివేళ నీకు మాట రాకపోతే దాన్ని అందించాల్సింది వాళ్లే.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. నోరు తెరిచి పడుకుంటుంది. పెదాలకు ప్లాస్టరు అంటిస్తే ముక్కుతో ఊపిరి తీయడం అలవాటవుతుందని ఫోనులో ఒక వీడియో చూశాను. ప్రయత్నించవచ్చా?
— గాజువాక నుంచి ఒక తండ్రి

జవాబు: వద్దండి. ముక్కు మూసుకుపోయిన పిల్లకు నోరు కూడా మూస్తే ఊపిరి ఎటు నుంచి తీస్తుంది? నిద్రలో వాంతి అయితే ఇంకా ప్రమాదం. పైన జ్ఞానాపురం తల్లిగారికి చెప్పిన చెంచా పరీక్ష మీరూ చేసి, ఆవిరి సరిగా కనబడకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. రెండు మచ్చలూ చక్కగా పడుతూ కూడా నోరు తెరిచే ఉంటే, పెదాలు మూసుకోవడానికి పళ్ల అమరిక అడ్డొస్తోందేమో పళ్ల డాక్టరు చేత చూపించండి.