రోమ్‌లో జరిగే ప్రేమకథా చిత్రాల్లో ముందుగా ఏది చూడాలి?

1953లో వచ్చిన ‘రోమన్ హాలిడే’. అధికారిక పర్యటనతో విసిగిపోయిన రాకుమారి ఒక రాత్రి రాయబార కార్యాలయం నుంచి తప్పించుకుంటుంది. చేతిలో డబ్బు ఆడని అమెరికన్ విలేకరికి తారసపడుతుంది. ఆమె ఎవరో తెలిసినా తెలియనట్టు నటిస్తూ, మంచి వార్త దొరికిందన్న ఆశతో అతను ఊరంతా తిప్పుతాడు.

కథ చిన్నదే, బలమంతా నగరానిది. దర్శకుడు విలియం వైలర్ స్టూడియో సెట్లకు ఒప్పుకోకుండా రోమ్‌లోనే చిత్రీకరించారు. అందుకే స్పానిష్ మెట్ల దగ్గర ఐస్‌క్రీం, వెస్పా స్కూటరు మీద అల్లరి సవారీ అంత సహజంగా ఉంటాయి. నాకు బాగా నచ్చేది శాంటా మరియా ఇన్ కాస్మెడిన్ చర్చి వసారాలోని రాతిముఖం సన్నివేశం. అబద్ధాలకోరు దాని నోట్లో చెయ్యి పెడితే కొరికేస్తుందని అక్కడి నమ్మకం. ఇక్కడేమో ఇద్దరూ అబద్ధాలాడుతున్నవారే! విలేకరిగా నటించిన గ్రెగరీ పెక్, రాతిముఖం కొరికేసినట్టుగా తన చేతిని కోటు చేతిలో దాచేస్తారు. ఈ సంగతి రాకుమారిగా నటించిన ఆడ్రీ హెప్‌బర్న్‌కు ముందుగా చెప్పలేదట, కాబట్టి అక్కడ ఆమె పెట్టిన కేక నిజమైనదే. ఈ పాత్రకే ఆమెకు ఉత్తమ నటిగా ఆస్కార్ వచ్చింది. కథ రాసిన డాల్టన్ ట్రంబో మాత్రం అప్పట్లో హాలీవుడ్ నిషేధిత జాబితాలో (కమ్యూనిస్టులన్న ముద్రతో పని ఇవ్వకుండా దూరం పెట్టినవారి జాబితా) ఉండడంతో ఆయన పేరు తెరపై పడలేదు. ఆయనకు రావలసిన ఆస్కార్‌ను మరణానంతరం, 1993లో ఇచ్చారు.

‘రోమన్ హాలిడే’ నలుపు తెలుపు చిత్రం. రోమ్‌లోని ప్రసిద్ధ ట్రెవి ఫౌంటెన్‌ను రంగుల్లో చూడాలంటే 1954 నాటి ‘త్రీ కాయిన్స్ ఇన్ ది ఫౌంటెన్’ ఉంది. కథ పలచన, దృశ్యాలు మాత్రం కనువిందు.

సినిమా చూసి రోమ్ వెళ్తే స్పానిష్ మెట్ల మీద కూర్చోకండి. 2019 నుంచి అక్కడ జరిమానా వేస్తున్నారు.